బోల్టు విప్పక ముందు

ఫ్యాక్టరీకి మార్పు ఎప్పుడూ మార్పు అనే పేరుతో రాదు. షట్‌డౌన్‌లో చేసేసే చిన్న పనిగా వస్తుంది. "పాత బర్నర్ పోయింది, కాస్త పెద్దది దొరికింది, అదే బిగించేద్దాం." "ఫర్నేస్ ఆయిల్ ధర మండిపోతోంది, బాయిలర్‌ని ఊకకి మార్చేద్దాం." "ఒక షిఫ్టు సరిపోవడం లేదు, రాత్రి కూడా నడుపుదాం." "ఆ మూల రియాక్టర్ ఖాళీగానే ఉంది కదా, కొత్త ప్రోడక్ట్ రెండు బ్యాచ్‌లు తీసి చూద్దాం." వీటిలో ఏ మాటా చెవికి ప్రమాదంగా తోచదు. చట్టాన్ని ఎగ్గొట్టాలని కూడా ఎవరూ ఈ మాటలు అనరు. అయినా ఈ నాలుగు పనులూ పొగగొట్టంలోంచి బయటికి పోయేదాన్ని మారుస్తాయి. అందుకని నాలుగూ కాలుష్య నియంత్రణ మండలి మీకిచ్చిన అనుమతి పత్రం జోలికి వస్తాయి.

పెద్ద కంపెనీలో పర్యావరణ విభాగంలో చేరిన కుర్ర ఇంజినీరు కోసం రాస్తున్న అధ్యాయమిది. చిన్న యూనిట్ నడుపుకొనే యజమానికి ఆ విభాగమంతా తనే కాబట్టి ఆయనకూ పనికొస్తుంది. ఇద్దరికీ కావలసిన నైపుణ్యం ఒక్కటే. బోల్టు విప్పక ముందు, పర్చేజ్ ఆర్డర్ మీద సంతకం పడక ముందు, "దీనివల్ల గాలిలోకి పోయేది ఎంత మారుతుంది?" అని అడిగి, జవాబుని అంకెల్లో కాగితం మీద పెట్టించగలగడం. చట్టం ఎవరైనా చదివి నేర్చుకోవచ్చు. ఆ ప్రశ్నను సరైన రోజున అడగడమే కష్టం.

ముందు మీ కన్సెంట్ చదవండి

గాలి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1981లో వచ్చింది. అందులో మనకు ముఖ్యమైనది 21వ సెక్షన్. వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట, మండలి ముందస్తు సమ్మతి లేకుండా ఏ పారిశ్రామిక ప్లాంటునూ నెలకొల్పకూడదు, నడపకూడదు అంటుందది. మన రెండు రాష్ట్రాల్లో ఆ సమ్మతి రెండు మెట్లుగా ఉంటుంది. కట్టే ముందు సీఎఫ్‌ఈ (కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్), నడిపే ముందు సీఎఫ్‌ఓ (కన్సెంట్ ఫర్ ఆపరేషన్). వాడుకలో రెండింటినీ కలిపి 'కన్సెంట్' అనేస్తాం.

నా అనుభవంలో చాలా ఫ్యాక్టరీల్లో కన్సెంట్ ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. దాని గడువు తేదీ మాత్రం అకౌంట్స్ వాళ్లకు కంఠతా వచ్చు! మీరు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక పూట కేటాయించి, పెన్సిల్ పట్టుకుని, ఆ ఆర్డర్‌ని మొదటి పేజీ నుంచి చివరి షరతు దాకా చదవండి. ఏయే ఉత్పత్తి, రోజుకి ఎన్ని టన్నులు, ఏ ఇంధనం, ఎన్ని పొగగొట్టాలు, ఒక్కోటి ఎంత ఎత్తు, దేనికి ఏ నియంత్రణ పరికరం, దుమ్ము పరిమితి ఎంత అన్న వివరాలన్నీ అందులోనే ఉంటాయి. బాయిలర్ పొగలో దుమ్ము ఘనపు మీటరుకి 115 మిల్లీగ్రాములు దాటకూడదన్న షరతు మన కన్సెంట్లలో తరచూ కనిపిస్తుంది. చివరి పేజీల్లో ఇంకో షరతు ఉంటుంది, ముందుగా అనుమతి తీసుకోకుండా సామర్థ్యం పెంచకూడదని, ఉత్పత్తినీ ప్రాసెస్‌నీ మార్చకూడదని. ఈ అధ్యాయం మొత్తానికి ఆధారం ఆ ఒక్క వాక్యమే.

తర్వాత ఆ కాగితం చేత్తో పట్టుకునే ప్లాంటంతా తిరగండి. కాగితంలో మూడు పొగగొట్టాలుండి నేల మీద నాలుగు కనిపిస్తే, మార్పు మీరు రాకముందే జరిగిపోయిందన్నమాట. ఆ విషయం ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఇంజినీరు చెబితే వినడం కంటే మీరే కనిపెట్టి పైవాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయడం వెయ్యి రెట్లు మేలు. యాజమాన్యం చేతులు మారినా ఇది తప్పదు. కన్సెంట్ ఉన్న ప్లాంటును ఎవరు కొనుక్కున్నా, ఆ సమ్మతిని తమకే ఇచ్చినట్లుగా దానిలోని షరతులన్నిటికీ బద్ధులవుతారని అదే 21వ సెక్షన్ చెబుతుంది. పాత ఓనర్ వేసిన గొట్టం మాకు సంబంధం లేదంటే చెల్లదు.

ఇదే సెక్షన్ మండలికి మరో అధికారం కూడా ఇచ్చింది. సాంకేతికత మెరుగుపడితే, మీ వాదన విన్న తర్వాత, పాత షరతులను మార్చవచ్చు. ఉన్న నియంత్రణ పరికరాన్ని మార్చమనీ చెప్పవచ్చు. కాబట్టి 'మా ప్లాంటు పాతది, మాకు పాత రూల్సే' అనే ధీమా ఎల్లకాలం నిలవదు.

గంటకెంత, ఏడాదికెంత

ఇప్పుడు అసలు పని. ఏ మార్పు ప్రతిపాదన వచ్చినా ఒక తెల్లకాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు ఇప్పటి లెక్క, కుడివైపు మార్పు తర్వాతి లెక్క. రెండువైపులా గంటకి ఎన్ని కిలోలో, ఏడాదికి ఎన్ని టన్నులో రాయండి. ఈ రెండు లెక్కలూ వేరువేరుగా ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం.

మీ బాయిలర్ పొగ గంటకి 10,000 ఘనపు మీటర్లు అనుకోండి. అందులో దుమ్ము సరిగ్గా 115 మిల్లీగ్రాముల దగ్గరే ఉంది. అంటే గంటకి 1.15 కిలోలు. రోజుకి 12 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే 4.14 టన్నులు. ఇప్పుడు అదే బాయిలర్‌ని రోజుకి 20 గంటలు నడుపుతారు. ఒక్క బోల్టు కూడా మారలేదు, గంట లెక్కా మారలేదు, పరిమితీ దాటలేదు. కానీ ఏడాదికి 6.9 టన్నులు. పక్క ఊరివాళ్లు పీల్చే దుమ్ము మూడింట రెండు వంతులు పెరిగింది.

అమెరికాలో ఈ గంట–ఏడాది తేడా మీదనే సుప్రీంకోర్టు దాకా పోరాటం నడిచింది. అక్కడి స్వచ్ఛ గాలి చట్టం పాత ప్లాంట్లను ఉన్నవాటిని ఉన్నట్లు వదిలేసింది. అయితే వాటిలో ఏదైనా 'మార్పు' చేసి కాలుష్యం పెరిగితే కొత్త ప్లాంటుకి పెట్టే షరతులే పెడతామంది. డ్యూక్ ఎనర్జీ కంపెనీ 1988 నుంచి 2000 దాకా కరొలినా రాష్ట్రాల్లోని తన ఎనిమిది బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ గొట్టాలు మార్చే పనులు 29 చేసింది. ఆ మరమ్మతులతో ప్లాంట్లు రోజూ ఎక్కువ గంటలు నడిచే స్థితికి వచ్చాయి. గంటకి వెలువడేది పెరగలేదు కాబట్టి ఇది మార్పు కిందికి రాదని కంపెనీ వాదన. 2007 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఏడాది మొత్తాన్ని లెక్కలోకి తీసుకునే నిబంధన పెట్టుకునే హక్కు ప్రభుత్వ సంస్థకుందని తేల్చింది. ఆ తీర్పు మన మండలిని కట్టిపడేయదు. కానీ కంపెనీ లాయర్లు చేసిన వాదనే మన ప్లాంటు మీటింగుల్లోనూ వినిపిస్తూ ఉంటుంది. "గంటకి ఎంతో అంతే కదయ్యా!" అని.

ఇంధనం మార్పు అన్నిటికంటే మోసకారి. ఎందుకంటే ఒక లెక్క తగ్గి ఇంకో లెక్క పెరుగుతుంది. ఫర్నేస్ ఆయిల్ నుంచి ఊకకి మారితే గంధకం దాదాపు పోతుంది. యజమాని సంతోషంగా 'పర్యావరణ హితం' అని బోర్డు రాయిస్తాడు. కానీ ఊకలో బూడిద ఎక్కువ, తేలిక కూడా. ఆయిల్ బాయిలర్ వెనక బ్యాగ్ ఫిల్టర్ ఉండాల్సిన అవసరం లేకపోయింది కాబట్టి అక్కడ దాన్ని పెట్టే చోటు కూడా ఉండదు. గోదావరి జిల్లాల్లో బాయిల్డ్ రైస్ మిల్లుల పక్కన బట్టలు ఆరేసుకునే వాళ్లనడిగితే ఊక బూడిద సంగతి నాకంటే బాగా చెబుతారు.

బొగ్గు సరఫరాదారుని మార్చడం కూడా మార్పే. గంటకి 3 టన్నుల బొగ్గు కాల్చే చోట గంధకం 0.5 శాతమైతే గంటకి 30 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. పొగగొట్టం ఎత్తుకి మన దేశంలో వాడే సూత్రం ఒకటుంది. గంటకి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ కిలోలను 0.3 ఘాతానికి హెచ్చించి 14తో గుణించాలి. లెక్క కడితే దాదాపు 39 మీటర్లు. కొత్త సరఫరాదారు బొగ్గులో గంధకం 1 శాతం ఉంటే 60 కిలోలు, అప్పుడు కావలసిన ఎత్తు దాదాపు 48 మీటర్లు. ఆవిరి అంతే, బాయిలర్ అదే. పొగగొట్టం మాత్రం తొమ్మిది మీటర్లు పొట్టిదైపోయింది. ఈ లెక్కకి ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు. పర్చేజ్ విభాగంలో దాన్ని తెరిచి చూసేవాళ్లెవరూ ఉండరు, వాళ్ల పనీ కాదది. మీ పని.

డీజిల్ జనరేటర్‌కి సూత్రం ఇంకా తేలిక. అది ఉన్న భవనం ఎత్తుకి, కేవీఏ వర్గమూలంలో అయిదో వంతు మీటర్లు కలపాలి. 12 మీటర్ల భవనం దగ్గర 250 కేవీఏకి 15.2 మీటర్లు, 500 కేవీఏ తెస్తే 16.5. సెకండ్ హ్యాండ్ సెట్ తెస్తుంటే ఎత్తుతో పాటు అది ఏ ఏడాది ఉద్గార ప్రమాణాలకు తయారైందో కూడా చూడండి. 2023 జులై నుంచి కొత్త సెట్లకు ప్రమాణాలు బాగా బిగిశాయి.

బల్క్ డ్రగ్ యూనిట్లలో మార్పు పొగగొట్టంలో కాకుండా రియాక్టర్ వెంట్‌లో ఉంటుంది. టాల్యూన్ 110 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మామూలు కూలింగ్ వాటర్ కండెన్సర్‌తో పట్టుబడుతుంది. అదే రియాక్టర్‌లో ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్) వాడే ప్రోడక్ట్ మొదలుపెడితే అది 40 డిగ్రీలకే ఆవిరవుతుంది. మన ఎండాకాలంలో కూలింగ్ వాటరే 30 దాటి ఉంటుంది. చిల్లింగ్ లేకపోతే సాల్వెంట్ డబ్బుతో సహా గాలిలో కలుస్తుంది. ఇక్కడ యంత్రం మారలేదు, గొట్టం మారలేదు, బ్యాచ్ కార్డు ఒక్కటే మారింది.

రిపేరా, మార్పా

మీ ప్లాంటులో ఎక్కువ గొడవలు ఈ ప్రశ్న మీదే జరుగుతాయి. మెయింటెనెన్స్ వాళ్ల నోట ప్రతిదీ రిపేరే. బ్యాగ్ ఫిల్టర్‌లో పోయిన బ్యాగుల్ని అలాంటి బ్యాగులతోనే మార్చడం నిజంగానే రిపేరు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అసలు ఆలస్యమే చేయకూడదు కూడా, నియంత్రణ పరికరం ఎప్పుడూ సవ్యంగా నడుస్తూ ఉండాలన్నది చట్టంలోని షరతు. ఆ ఫిల్టర్ ఫ్యాన్‌ని తీసి రెండింతల ఫ్యాన్ పెట్టడం మాత్రం రిపేరు కాదు. నడిమధ్యవి చాలా ఉంటాయి.

ఈ చిక్కుముడికి కూడా అమెరికాలోనే ఒక పాత కేసు ఉంది. విస్కాన్సిన్ ఎలక్ట్రిక్ అనే కంపెనీకి పోర్ట్ వాషింగ్టన్ ఊళ్లో 1935–1950 మధ్య నడకలోకి వచ్చిన అయిదు యూనిట్ల విద్యుత్ కేంద్రం ఉండేది. దాని ఆయుష్షు 2010 దాకా పొడిగించాలని స్టీమ్ డ్రమ్ములు, ఎయిర్ హీటర్లు మార్చబోయి, ఇది రోజువారీ నిర్వహణ పనేనంది. 1990లో అప్పీలు కోర్టు కాదు పొమ్మంది. పని స్వభావమేమిటి, ఎంత మేరకు, ఎందుకు చేస్తున్నారు, అలాంటి పని ఎన్నాళ్లకోసారి చేస్తారు, ఖర్చెంత అనే అయిదు విషయాలు కలిపి చూడాలంది. మన దేశంలో ఇది చట్టం కాదు, కానీ మెయింటెనెన్స్ మేనేజర్‌తో కూర్చున్నప్పుడు ఇంతకంటే మంచి అయిదు ప్రశ్నలు నాకు తెలియవు. ముఖ్యంగా నాలుగోది. "సార్, ఈ పని ఇంతకు ముందు ఎప్పుడు చేశారు?" అంటే, "ఈ ప్లాంటు పెట్టాక ఇదే మొదటిసారి" అని జవాబొస్తే, అది రోజువారీ నిర్వహణ కాదని ఆయనే ఒప్పుకున్నట్టు.

వెంకటాపురం

ఈ విషయం మీద తెలుగులో ఏ పుస్తకం రాసినా విశాఖపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఆగక తప్పదు. అక్కడి పాలిమర్ ఫ్యాక్టరీ 1961లో హిందుస్తాన్ పాలిమర్స్‌గా మొదలైంది. 1997లో కొరియా కంపెనీ ఎల్‌జీ చేతికి వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ఎం6 ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

లాక్‌డౌన్ వల్ల ట్యాంకు కదలకుండా ఉండిపోయిందన్న మాట అందరికీ గుర్తుంది. అది కథలో ఒక భాగమే. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదికలో మనం పదేపదే చదువుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. 2019 డిసెంబరులో ఆ ట్యాంకు రీసర్క్యులేషన్ పైపింగులో ఒక మార్పు చేశారు. ఆ తర్వాత లోపలి స్టైరీన్ పైనా కిందా సరిగ్గా కలవడం మానేసింది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఉన్నది కింది భాగంలో. కింద చల్లగా చూపిస్తూనే ఉంది, పైన వేడెక్కుతూ పోయింది. పాలిమరైజేషన్‌ని ఆపి ఉంచే రసాయనమూ సరిపడా లేదు, శీతలీకరణ రోజంతా నడవలేదు, సైరన్ మోగలేదు. కారణాలు చాలానే ఉన్నాయి. కానీ ఆ వరసలో మొదట నిలిచేది కొన్ని నెలల ముందు జరిగిన పైపు పని. ఆ రోజున అది ఎవరికీ వార్త కాదు. పొగగొట్టంలో దుమ్ము పెరగలేదు, ఉత్పత్తి పెరగలేదు. మన నిలువు గీత కాగితం మీద ఎడమా కుడీ ఒకేలా ఉండేవి. అందుకే ఆ కాగితం కింద ఇంకో ప్రశ్న కూడా రాసుకోవాలి. "ఈ మార్పు వల్ల మన కొలతలు ఇంకా నిజమే చెబుతాయా?"

ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989 నుంచీ ఉన్నాయి. సేఫ్టీ రిపోర్టులో చెప్పిన విషయాలను గణనీయంగా ప్రభావితం చేసే మార్పు ఏది చేయాలన్నా, కనీసం 90 రోజుల ముందు కొత్త రిపోర్టు సంబంధిత అధికారికి పంపాలని వాటిలో ఉంది. ఈ నిబంధన సంగతి తెలియని ప్లాంటు మేనేజర్లు ఈ రోజుకీ చాలా మంది ఉన్నారు.

అదే ఫ్యాక్టరీ విషయంలో కాగితాల కథ కూడా ఉంది. చేస్తున్న ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని కంపెనీయే 2019 మేలో అఫిడవిట్‌లో రాసిచ్చింది. ప్రమాదానికి ఏడాది ముందన్నమాట. కన్సెంట్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ప్రమాదం జరిగిన మర్నాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. సమ్మతి ఒకటి, పర్యావరణ అనుమతి ఇంకొకటి. ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదని ఇంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ మనకు దొరకదు.

ఏ తలుపు తట్టాలి

లెక్క అయింది, ఇది మార్పేనని తేలింది. తర్వాత? సామర్థ్యం, ఉత్పత్తి, ఇంధనం, పొగగొట్టాలు మారేటప్పుడు మండలి దగ్గర విస్తరణకి లేదా మార్పుకి సీఎఫ్‌ఈ అడగాలి. పని పూర్తయ్యాక, నడపబోయే ముందు, సీఎఫ్‌ఓ సవరించుకోవాలి. దరఖాస్తు చేరిన నాలుగు నెలల్లోపు మండలి తేల్చాలని చట్టం గడువు పెట్టింది. మీ ప్రాజెక్ట్ షెడ్యూల్‌లో ఆ నాలుగు నెలలూ మొదటి గడిలో ఉండాలి. చాలా చోట్ల ఆ గడే ఉండదు.

మీ పరిశ్రమ 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో ఉంటే రెండో తలుపు కూడా ఉంటుంది. కొత్త ప్రాజెక్టుతో పాటు ఉన్నదాన్ని పరిమితికి మించి విస్తరించినా, ఆధునికీకరించినా, ప్రోడక్ట్ మిక్స్ మార్చినా ముందస్తు పర్యావరణ అనుమతి కావాలని ఆ నోటిఫికేషన్ రెండో పేరాలోనే ఉంది. దీనికి 2016లో ఒక మినహాయింపు వచ్చింది, 2021 మార్చిలో అది ఇంకా వెడల్పయింది. కాలుష్య భారం పెరగడం లేదని నిర్ణీత నిపుణుల ధ్రువీకరణ ఉంటే, ఉన్న అనుమతితోనే కొన్ని మార్పులు చేసుకోవచ్చు. ఈ ధ్రువపత్రం మీద నా అభిప్రాయం దాచను. నిజాయితీగా వాడితే మంచి వెసులుబాటు, కాలుష్యం పెంచకుండా ఎదగమని ఫ్యాక్టరీని ప్రోత్సహిస్తుంది. కానీ 'ఇప్పటి లెక్క' అనే ఎడమవైపు గడిని పెంచి రాసుకుంటే కుడివైపు ఎంతున్నా పెరగనట్టే కనిపిస్తుంది. కన్సల్టెంటు తెచ్చిన పట్టికలో మీరు మొదట చూడాల్సింది ఆ ఎడమ గడినే. అనుమతిలో రాసి ఉన్న గరిష్ఠాన్ని పెట్టాడా, మీ స్టాక్ రిపోర్టుల్లో ఉన్న అసలు అంకెని పెట్టాడా? రెండూ తెలిశాకే సంతకం.

ప్లాంటు ఎక్కడుందన్నది కూడా చూసుకోవాలి. కొన్నిచోట్ల విస్తరణకే ఆటంకాలు ఉంటాయి. 2009 చివర్లో కేంద్ర మండలి వేసిన కాలుష్య సూచికలో విశాఖపట్నం, పటాన్‌చెరు–బొల్లారం రెండూ తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేరాయి. 2010 జనవరిలో అలాంటి ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టులతో పాటు విస్తరణల పరిశీలనను కూడా కేంద్రం కొంతకాలం నిలిపేసింది. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్ల మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఆంక్షలూ అలాంటివే. యంత్రానికి అడ్వాన్స్ ఇచ్చాక ఈ సంగతి తెలిస్తే అది ఖరీదైన చదువు.

'ముందు కట్టేద్దాం, తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందాం' అనే సలహా మీకు తప్పక వినబడుతుంది. తర్వాత ఇచ్చే పర్యావరణ అనుమతులు చెల్లవని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు చెప్పింది. అదే ఏడాది నవంబరులో మెజారిటీ తీర్పుతో దాన్ని వెనక్కి తీసుకుంది. ఆరు నెలల్లో ఇటు నుంచి అటు మారిన విషయం మీద కోట్ల పెట్టుబడి పెట్టమనే సలహాదారు తన డబ్బు అందులో పెట్టడు.

శిక్షల సంగతికొస్తే, 2024 ఏప్రిల్ నుంచి గాలి చట్టంలో జైలు స్థానంలో చాలా వరకు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానాలు వచ్చాయి. ఇది విని యజమానులు కొందరు ఊపిరి పీల్చుకున్నారు. తొందరపడ్డారు. ప్లాంటు మూయించే, కరెంటూ నీళ్లూ కట్ చేయించే 31ఏ సెక్షన్ అధికారం ఎక్కడికీ పోలేదు. పర్యావరణ పరిహారం వేరే లెక్క. కేంద్ర మండలి సూత్రం ప్రకారం రెడ్ కేటగిరీ మధ్యతరహా యూనిట్‌కి, పది లక్షల లోపు జనాభా ఉన్న చోట, మామూలుగా తీసుకునే రేటుతో రోజుకి 20 వేలు పడుతుంది. 90 రోజుల ఉల్లంఘన అంటే 18 లక్షలు. బ్యాగ్ ఫిల్టర్ కొటేషన్ పక్కన ఈ అంకె పెట్టి చూపించండి.

ఎలా చెప్పాలి

ఇన్నీ తెలిసిన కుర్రవాడు కూడా మీటింగులో నోరు విప్పలేక ఆగిపోతాడు. ఎదురుగా ఉన్నది పాతికేళ్ల అనుభవమున్న జీఎం. "ఏమయ్యా, అన్నిటికీ అడ్డమేనా నువ్వు?" అంటాడాయన. ఆ మాటకి భయపడి మౌనంగా ఉండేవాళ్లూ ఉంటారు, చట్టం సెక్షన్లు వల్లించి అందర్నీ దూరం చేసుకునేవాళ్లూ ఉంటారు. రెండో రకం వాళ్ల మీదే నాకు ఎక్కువ జాలి, ఎందుకంటే వాళ్లు చెప్పేది నిజమే.

'కుదరదు' అన్న మాట మీ నోట మొదట రాకూడదు. "సార్, చేద్దాం. కన్సెంట్‌లో ఆయిల్ అని ఉంది, ఊకకి మారితే సవరణ కావాలి. ఈ రోజు దరఖాస్తు పెడితే నాలుగు నెలలు. బ్యాగ్ ఫిల్టర్‌కి కూడా డెలివరీకి టైమ్ పడుతుంది కాబట్టి రెండూ కలిసి నడుస్తాయి. ఫ్యాబ్రికేటర్‌కి అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఆపుదాం." ఇందులో అడ్డం ఎక్కడుంది? తేదీలున్నాయి, డబ్బు ఎక్కడ ఆగాలో ఉంది. జీఎంకి కావలసింది అవే. ఆ సాయంత్రమే అదే మాటని మూడు లైన్ల మెయిల్‌లో పెట్టండి. 'ఈ రోజు మీటింగులో అనుకున్నట్లు' అని మొదలుపెట్టి, అంకెలు రాసి, వదిలేయండి. బెదిరింపు స్వరం వద్దు. కంపెనీ చేసిన నేరానికి ఆ సమయంలో వ్యాపార బాధ్యతలో ఉన్న వ్యక్తి కూడా జవాబుదారీ అని చట్టం అంటుంది. తనకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకుంటేనే మినహాయింపు. మీ మెయిల్ ఆయన్నీ కాపాడుతుంది, మిమ్మల్నీ కాపాడుతుంది. ఈ సంగతి ఆయనకు ఒక్కసారి, విడిగా, టీ తాగుతున్నప్పుడు చెప్పినా చాలు.

వీలైతే పర్చేజ్ విభాగంతో స్నేహం చేసుకోండి. ఇంజినీరింగ్ కాలేజీలో ఎవరూ నేర్పని విద్య ఇది. ప్లాంటులో రాబోయే ప్రతి మార్పూ ముందుగా తెలిసేది వాళ్లకే, కొటేషన్లు అక్కడికే వస్తాయి. బాయిలర్, బర్నర్, ఫ్యాన్, పొగగొట్టం, స్క్రబ్బర్, జనరేటర్, కొత్త సాల్వెంట్ అన్న మాటలున్న ఏ ఇండెంటైనా మీ సంతకం లేకుండా కదలకూడదని ఒక చిన్న సర్క్యులర్ వేయించుకోగలిగితే, ఏడాది చదువు కంటే ఎక్కువ సాధించినట్టు. మొదటి నెల అందరూ విసుక్కుంటారు, మీరు ఇండెంట్‌ని రోజంతా టేబుల్ మీద పెట్టుకోకుండా గంటలో పంపేస్తూ ఉంటే రెండో నెలకి అలవాటైపోతుంది.

మార్పు జరిగాక ఉండే పని కొంచెమే, కానీ మరిచిపోయేది అదే. ప్లాంటు పూర్తి లోడు మీద ఉన్నప్పుడు గుర్తింపు పొందిన ల్యాబ్‌తో స్టాక్ శాంపిల్ తీయించండి. సగం లోడులో తీసిన రిపోర్టు మీకే పనికిరాదు. ఆన్‌లైన్ ఎనలైజర్ ఉంటే కొత్త పొగ పరిమాణానికి తగ్గట్టు దాని రేంజ్ సరిచూడండి. పాత డ్రాయింగ్ మీద 'రద్దు' అని కొట్టేసి కొత్తది ఫైల్‌లో పెట్టండి. షిఫ్టు వాళ్లకు కొత్త పద్ధతిని నోటితో కాక చేతిలో కాగితంతో చెప్పండి. చివరగా మెయిన్ గేటు దగ్గరికి వెళ్లి, రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేలా పెట్టిన వివరాల బోర్డు చూడండి. ఇంధనం దగ్గర ఇంకా ఫర్నేస్ ఆయిల్ అనే ఉంటే, పెయింటర్‌ని ఆ రోజే పిలిపించండి.